బూడిదరంగు కారు, నిజం తూటాలు

(ఒక ఫిల్మ్ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే. ఈ మైకు ఇందాకటి నుంచీ గురగురలాడుతోంది, నేనే కాస్త గొంతు పెంచుతాను.

నా తప్పొకటి చెప్పుకుని మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఓ రాత్రి లాప్‌టాప్‌లో మెక్సికో మూకీ సినిమా ఒకటి చూశాను. 'ఎల్ ఆటోమోవిల్ గ్రిస్' దాని పేరు. బూడిదరంగు కారు అని అర్థం. 1919లో తీసింది. నాకు దొరికిన కాపీ నిండా గీతలూ మచ్చలే. నటులేమో ఆ కాలం వాళ్లు. కోపం వస్తే పిడికిలి గాల్లోకి లేస్తుంది, బాధ కలిగితే చెయ్యి నుదుటి మీదికి పోతుంది. కళ్లు మూతలు పడుతుండగా చూశాను. చివర్లో దొంగల్ని నిలబెట్టి కాల్చేసే సీను వచ్చింది. అక్కడ మాత్రం నిద్ర వదిలింది. ఎందుకంటే ఆ మనుషులు ఏమీ చెయ్యలేదు. గుండె మీద చెయ్యి వేసుకోలేదు, ఆకాశం వైపు చూడలేదు. నిలబడ్డారు, పడిపోయారు. అంతే.

మర్నాడు ఒక ఫ్రెండుకి ఫోన్ చేసి, "సినిమా అంతా అతి చేశార్రా, కానీ ఆఖర్న చచ్చిపోయేవాళ్లు మాత్రం ఎంత నేచురల్‌గా చేశారో" అన్నాను. వాడు సినిమా చరిత్ర బాగా చదివినవాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లు నటులు కాదురా. అది నిజంగా చంపినప్పుడు తీసిన ఫిల్మే" అన్నాడు.

నేను ఒక మనిషి చావుకి నటనలో మార్కులు వేశానన్న మాట. ఆ రోజు నుంచీ ఈ సినిమా నన్ను వదల్లేదు. దీన్ని తీసిన ఎన్రికె రోసాస్ గురించే ఇవాళ నేను మాట్లాడేది.

మెక్సికోకి సినిమా వచ్చిన తీరు చూస్తే మనకి కొంచెం చుట్టరికం కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడింది 1896 జులై 7న. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, వాళ్ల మనుషులే మెక్సికో సిటీలో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్‌కి చపుల్తెపెక్ కోటలో బొమ్మలు చూపిస్తున్నారు. వచ్చిన ఇద్దరిలో ఒకడు గబ్రియెల్ వేర్. ఇతను కెమెరా కూడా తిప్పాడు. దియాస్ గుర్రం మీద షికారు చేస్తుంటే తీశాడు. ముసలాయన మురిసిపోయాడు. అప్పటికే ఇరవయ్యేళ్ల నుంచీ దేశాన్ని గుప్పెట్లో పెట్టుకున్నవాడు, తన బొమ్మ తెర మీద కదులుతుంటే ఎవరికి చేదు?

అదే వేర్ ఇంకోటి తీశాడు, అది ఇవాళ్టి మన కథకి మూలం లాంటిది. చపుల్తెపెక్ అడవిలో ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్లతో తలపడే ద్వంద్వ యుద్ధం. నాటకమే, మనుషుల్ని పెట్టి ఆడించిందే. కానీ చూసినవాళ్లలో కొందరు నిజమనుకుంటారని గొడవ లేచింది. పత్రికలు కేకలేశాయి. తెర మీద కనిపించేదాంట్లో ఏది జరిగింది, ఏది జరిపించింది అన్న తగువు మెక్సికోలో సినిమా పుట్టిన ఏడే పుట్టిందన్నమాట. వేర్ అబద్ధాన్ని నిజంలా చూపించాడు. ఇరవై మూడేళ్ల తర్వాత రోసాస్ నిజాన్ని కథలో కలిపేశాడు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ భయపెట్టే పని.

రోసాస్ కెమెరామన్‌గా తయారైంది రోడ్ల మీద. ఆ తరం వాళ్లంతా అంతే. ప్రొజెక్టరు, కెమెరా పెట్టెలో సర్దుకుని ఊరూరూ తిరగడం, పగలు ఆ ఊరి జనాన్ని ఫిల్మ్ తీయడం, తర్వాత వాళ్ల బొమ్మ వాళ్లకే టిక్కెట్టు పెట్టి చూపించడం. మన రఘుపతి వెంకయ్య నాయుడు గారు కూడా యంత్రం పట్టుకుని ఊళ్లు తిరిగి బొమ్మలు చూపించినవారే కదా, ఆ బాపతు బతుకే. 1906లో దియాస్ యుకతాన్ వెళ్లినప్పుడు మెరీదా నగరంలో జరిగిన సంబరాలన్నీ రోసాస్ తీశాడు. దండలు, ఊరేగింపులు, దొరల టోపీలు. అలా దొరగారి వెంట తిరిగే కెమెరా అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1910లో దియాస్ మీద విప్లవం వచ్చింది. దాని చరిత్రంతా చెప్పాలంటే రాత్రి తెల్లారిపోతుంది. మనకి కావలసింది ఒక్కటే: కెమెరాలన్నీ యుద్ధం వైపు తిరిగాయి. సాల్వదోర్ తోస్కానో, అల్వా సోదరులు, ఇంకా ఎందరో. ఒక్కో సేనాపతి వెనక ఒక్కో కెమెరా. అమెరికా కంపెనీ ఒకటి విప్లవ సేనాపతుల్లో ఒకడైన పాంచో వియాతో కాంట్రాక్టే రాయించుకుంది. తోస్కానో తీసినవీ కూడబెట్టినవీ ఆయన కూతురు కార్మెన్ ఒక్కచోట కూర్చి 1950లో పూర్తి నిడివి డాక్యుమెంటరీగా తెచ్చింది. మెక్సికో జనం తమ విప్లవాన్ని కళ్ల ముందు ఊహించుకునేది చాలావరకు ఆ బొమ్మలతోనే. తోస్కానోది గౌరవమైన వారసత్వం. సభలు పెట్టి దండలు వెయ్యొచ్చు. రోసాస్‌ది అలా కాదు.

ఇప్పుడు 1915కి వద్దాం.

ఆ ఏడు మెక్సికో సిటీ ఎన్ని చేతులు మారిందో లెక్క పెట్టుకోవడం కష్టం. విప్లవంలో పక్షాలు వాటిలో అవే కొట్టుకుంటున్నాయి: ఒకసారి రైతుల నాయకుడు సపాతా మనుషులు, ఇంకోసారి ఆయన ప్రత్యర్థి కరాంసా మనుషులు. ఒకళ్లు అచ్చువేసిన నోట్లు రెండోవాళ్లు రాగానే చిత్తుకాగితాలు. రొట్టె లేదు, బొగ్గు లేదు. ఆ ఊరి వాళ్లు ఆ సంవత్సరాన్ని 'ఆకలి ఏడు' అనే గుర్తుపెట్టుకున్నారు. కరాంసా సైన్యం ఇళ్లల్లో పడి ఎంత దోచేదంటే, ఆయన పేరు మీద ఒక క్రియాపదమే పుట్టింది: 'కరాంసియార్', అంటే దొంగిలించడం! వాళ్ల పక్షం పేరు 'రాజ్యాంగవాదులు'. స్పానిష్‌లో ఆ మాటని కాస్త విరిచి పలికితే 'గోళ్లు సిద్ధంగా పెట్టుకున్నవాళ్లు' అని వస్తుంది. జనం అలాగే పిలిచారు. ఆకలిలో కూడా శ్లేష మానలేదు మహానుభావులు.

అలాంటి ఊళ్లో రాత్రిపూట డబ్బున్నవాళ్ల ఇంటి ముందు ఒక బూడిదరంగు కారు ఆగుతుంది. మిలిటరీ యూనిఫారాల్లో మనుషులు దిగుతారు. చేతిలో సోదా వారెంటు ఉంటుంది, ముద్రా సంతకంతో సహా. ఆయుధాలు దాచారని అనుమానం, తలుపు తియ్యండి అంటారు. తీస్తారు. తియ్యకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. లోపలికొచ్చి నగలు, డబ్బు మూటగట్టుకుని వెళ్లిపోతారు. మర్నాడు ఇంటాయన ఎక్కడికి పోయి ఫిర్యాదు చెయ్యాలి? యూనిఫారం వాళ్ల దగ్గరికేగా.

యూనిఫారాలు దొంగిలించి ఉండొచ్చు. కానీ ఆ వారెంట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఊరంతా ఒక్కటే గుసగుస: పైన ఎవరో ఉన్నారు. ఆ గుసగుసల్లో ఎక్కువగా నలిగిన పేరు జనరల్ పాబ్లో గొన్సాలెస్, కరాంసా పక్షంలో పెద్ద సేనాపతి. ఫలానా నాటకాల నటి మెళ్లో నగ ఫలానా వాళ్లింట్లో పోయినదేనట అని కూడా చెప్పుకున్నారు. ఏదీ రుజువు కాలేదు. పుకారుకి రుజువుతో పనేముంది?

1915 డిసెంబరులో ముఠాలో కొందర్ని పట్టుకున్నారు, అదే నెలలో కాల్చేశారు. ముఠా నాయకుడిగా పేరుపడ్డ ఇగినియో గ్రాందా ఆ వరుసలో లేడు. ఎందుకు లేడన్నది ఊరు మరిచిపోని ఇంకో ప్రశ్న. ఆ శిక్ష అమలు చేసిన చోట కెమెరా పెట్టుకుని నిలబడ్డవాడు ఎన్రికె రోసాస్. అప్పటికి అది వార్త. ఊరేగింపు తీసినట్టే దాన్నీ తీశాడు.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఒకావిడ గురించి చెప్పకపోతే మనసొప్పదు. 1917లో రోసాస్ ఒక సినిమా కంపెనీ పెట్టాడు, అస్తెకా ఫిల్మ్. భాగస్వామి మిమి దెర్బా. పేరున్న పాటల నటి, రచయిత్రి. అప్పటికి పాతికేళ్లు కూడా దాటలేదు. ఆ ఒక్క ఏడాదిలో ఐదు కథాచిత్రాలు తీశారు. అందులో 'లా తీగ్రెసా'కి దర్శకురాలు ఆమే అంటారు, మెక్సికోలో మెగాఫోన్ పట్టిన మొదటి ఆడమనిషి అని చరిత్రకారులు ఆమె పేరే చెబుతారు. ఆ ఐదింట్లో ఒక్కటీ మిగల్లేదు. కంపెనీ ముగిసింది, ఆవిడ మళ్లీ స్టేజీ ఎక్కింది. తర్వాత టాకీలొచ్చాక తల్లి వేషాలు, బామ్మ వేషాలు వేస్తూ 1950ల దాకా తెర మీద కనిపించింది. ఆ బామ్మ ఒకప్పుడు స్టూడియో నడిపిందని హాల్లో ఎంతమందికి తెలుసో మరి.

ఈ కంపెనీకి డబ్బు ఎవరు పెట్టారయ్యా అంటే, చరిత్రకారులు చూపించే వేలు మళ్లీ జనరల్ పాబ్లో గొన్సాలెస్ వైపే.

1919 వచ్చింది. గొన్సాలెస్ నడిపిన దండయాత్రలోనే ఏప్రిల్ 10న ఎమిలియానో సపాతాని నమ్మించి చంపారు. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలు. జనరల్ గారికి కుర్చీ మీద మనసుంది. కానీ ఊరు ఇంకా ఆ బూడిదరంగు కారుని మర్చిపోలేదు. సరిగ్గా అప్పుడే రోసాస్ ఆ కథని పన్నెండు భాగాల సీరియల్‌గా తియ్యడానికి పూనుకున్నాడు. దొంగలు దొంగలే, వాళ్ల వెనక సైన్యం లేదు, చట్టం తన పని తాను చేసింది అని చెప్పే కథ. రోసాస్ ఇది డబ్బు కోసం చేశాడా, జనరల్ కోసం చేశాడా? రెండూ అనే నా అనుమానం. పుకార్లున్న చోట టిక్కెట్లు బాగా తెగుతాయి. ఇదే కేసు మీద ఇంకో కంపెనీ కూడా అదే ఏడు సీరియల్ తీసి ముందే విడుదల చేసింది కాబట్టి, ఆ కథకి గిరాకీ ఎంతుందో అర్థం చేసుకోండి.

కానీ సినిమాగా చూస్తే, ఒప్పుకోవాలి, రోసాస్ మామూలోడు కాదు. ఆ రోజుల్లో మెక్సికో నిర్మాతలు ఇటలీ సినిమాలు చూసి, సోఫాల మీద వాలిపోయే నాయికల్ని తీస్తున్నారు. రోసాస్ కెమెరాని వీధిలోకి లాక్కొచ్చాడు. దోపిడీలు జరిగిన అసలు చోట్లలోనే తీశామని సినిమా మొదట్లోనే చెప్పుకుంటారు. చెప్పుకోవడమే కాదు, చూస్తే తెలుస్తుంది. ఆ గోడలు, రాళ్లు పరిచిన వీధులు, కారు వెళ్తుంటే ఆగి చూస్తున్న ఊరి మనుషులు... వాళ్లు జూనియర్ ఆర్టిస్టులు కారు. అన్నిటికంటే తమాషా, డిటెక్టివ్ పాత్ర. ఆ కేసుని నిజంగా పరిశోధించిన పోలీసు అధికారి హువాన్ మాన్యుయెల్ కబ్రేరానే తన పాత్ర తానే వేశాడు, కథ రాయడంలో కూడా చెయ్యి వేశాడు. తన కేసుకి తానే హీరో! ఏ డిపార్ట్‌మెంటు అధికారికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు ఆ చివరి సీను. కొంచెం దగ్గరికెళ్లి చూద్దాం.

అప్పటిదాకా నటులున్నారు. ముఖాలు మనకి తెలుసు, వాళ్ల వేషాలు, చేష్టలు తెలుసు. వాళ్లని శిక్షకి తీసుకెళ్తున్నారు. తర్వాత ఒక కట్. ఆ కట్‌కి ఇటు 1919, అటు 1915. ఇటు నటులు, అటు చావబోయేవాళ్లు. కెమెరా దూరంగా ఉంటుంది, కదలదు. దూరం కాబట్టి ముఖాలు మారాయని పట్టుకోలేం. మన మనసే ఆ అతుకు వేసేస్తుంది: ఇందాక చూసిన దొంగలే వీళ్లు అని. పొగ లేస్తుంది, మనుషులు కూలిపోతారు. సినిమాటిక్‌గా ఏమీ ఉండదు. చావులో అంత తక్కువ కదలిక ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఆ వెంటనే ఒక అక్షరాల కార్డు వస్తుంది. నేరం బాట చివర కన్నీళ్లే మిగులుతాయి, కష్టపడి బతకడమే గౌరవం అన్న అర్థంలో. చందమామ కథ చివర నీతిలాగా! నాకు ఒళ్లు మండింది ఆ చోటే. నిజం శవాల మీద నీతిపద్యం. శవం చూపిస్తే ఎవరు ప్రశ్నించగలరు? ఇదిగో దొంగలు, ఇదిగో శిక్ష, కేసు ముగిసింది. ఆ వారెంట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్న ప్రశ్నని ఆ తూటాల మోతలో ముంచెయ్యడం, మూకీ సినిమా అయినా సరే, బాగా కుదిరింది.

సినిమా 1919 డిసెంబరు 11న విడుదలై విరగాడింది. జనరల్ గారికి మాత్రం కలిసి రాలేదు. 1920లో తిరుగుబాటు వచ్చి, అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న కరాంసానే చంపేశారు. గొన్సాలెస్‌ని పట్టుకుని మరణశిక్ష వేశారు, తర్వాత వదిలేస్తే దేశం విడిచిపోయాడు. రోసాస్ కూడా ఆ ఏడే చనిపోయాడు. తన సినిమాకి వచ్చిన పేరు అనుభవించడానికి ఆయనకి పట్టుమని ఏడాది కూడా దక్కలేదు.

ప్రభావం గురించి మాట్లాడమన్నారు నన్ను. ప్రభావం అంటే ఎవరి షాటు ఎవరు కాపీ కొట్టారన్నది నాకు అంత ఆసక్తి లేని విషయం. ఈ సినిమా సంగతిలో ముందు చెప్పాల్సింది, దాన్ని ఎవరూ కుదురుగా ఉండనివ్వలేదు అన్నది. టాకీలొచ్చాక 1933లో పన్నెండు భాగాల్ని కోసి, కుదించి, శబ్దం జోడించి ఒక్క సినిమాగా మళ్లీ వదిలారు. ఇవాళ మనకి మిగిలినదానికి ఆ కోతల గాయాలున్నాయి. 1982 మార్చి 24న మెక్సికో జాతీయ ఫిల్మ్ భాండాగారం, సినెతెకా నాసియోనాల్, తగలబడి వేల సినిమాలు బూడిదయ్యాయి. అలాంటి దేశంలో ఈ సినిమా ఈ మాత్రం మిగలడమే అదృష్టం. ఆ సినెతెకానే ఈమధ్య దీన్ని డిజిటల్‌గా బాగుచేసింది. మనకి ఆ అదృష్టం కూడా లేదు. వెంకయ్య గారి అబ్బాయి ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఒక్క రీలు కూడా మన దగ్గర లేదు. సరే, ఆ ఏడుపు వేరే రోజు.

2000ల మొదట్లో మెక్సికో నాటక దర్శకుడు క్లాదియో వాల్దెస్ కూరి చేసిన పని నాకు భలే నచ్చింది. జపాన్‌లో మూకీల కాలంలో 'బెన్షి' అని ఉండేవారు, తెర పక్కన నిలబడి బొమ్మకి మాటలు చెప్పేవాళ్లు. మన హాళ్లలో కూడా తెర మీది అక్షరాలు పైకి చదివి కథ చెప్పే మనిషి ఉండేవాడు కదా, అలాంటిదే, కానీ అక్కడ అదొక పెద్ద కళ. వాల్దెస్ కూరి ఈ సినిమాని తెర మీద వేసి, ముందు బెన్షిల్ని, పియానోని పెట్టాడు. వాళ్లు మొదట బుద్ధిగా కథ చెబుతారు, తర్వాత చిలిపిగా మారిపోతారు. మాటలు బొమ్మకి సంబంధం లేకుండా పోతాయి, జనం పడీపడీ నవ్వుతారు. ఈ ప్రదర్శన చాలా దేశాలు తిరిగింది. బొమ్మ అదే, పక్కన మాట మారితే అర్థం మారిపోతుందని చూపించడమే దాని పని. రోసాస్ 1915 ఫిల్మ్ ముక్కకి 1919లో చేసింది అదే కదా.

ఇంకో దారి ఉంది. 1968లో ప్యూబ్లా దగ్గర కనోవా ఊళ్లో కొండెక్కడానికి వచ్చిన యూనివర్సిటీ ఉద్యోగుల్ని కమ్యూనిస్టులనుకుని ఊరి జనం మీదపడి, వాళ్లలో కొందర్ని కొట్టి చంపారు. దాని మీద ఫెలీపె కసాల్స్ 1976లో తీసిన సినిమా డాక్యుమెంటరీ వేషం వేసుకుని నడుస్తుంది. ఊరివాడొకడు కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. 2021లో అలోన్సో రూయిస్‌పలాసియోస్ పోలీసుల మీద తీసిన సినిమాలో నటులు, నిజం పోలీసులు ఒకరి చోట్లోకి ఒకరు జరుగుతూ ఉంటారు. వీళ్లు రోసాస్‌ని చూసి నేర్చుకున్నారని నేననను. కానీ ఒక తేడా చూడండి: వీళ్లు అతుకుని మనకి చూపిస్తారు. ఇదిగో ఇక్కడిదాకా నటన, ఇక్కణ్ణుంచి కాదు అని వేలు పెట్టి మరీ చూపిస్తారు. రోసాస్ దాచాడు. ఆయన దాచిన అతుకుని విప్పడమే తర్వాతివాళ్ల పనయిందని నాకనిపిస్తుంది. యూనిఫారం వేసుకున్నవాడు దొంగా పోలీసా అన్న అనుమానం మాత్రం ఆ దేశపు సినిమాల్లో వందేళ్లయినా పోలేదు. అది రోసాస్ కనిపెట్టింది కాదు, ఊరు కనిపెట్టింది. ఆయన చెరపబోయి, శాశ్వతంగా ఫిల్మ్ మీద అచ్చువేసి వెళ్లాడు. బూడిదరంగు కారు మాట వస్తే ఇవాళ్టికీ జనరల్ పేరు వస్తోందంటే సినిమా బతికి ఉండబట్టేగా!

మొన్న ఈ సమావేశం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక కుర్రాడు అడిగాడు, "సార్, ఆ చివరి సీను వేస్తారా, ఆపేస్తారా?" అని. రెండు రోజులు ఆలోచించాను. ఆపేస్తే అది రోసాస్ సినిమా కాదు. వేస్తే, పేరు కూడా తెలియని మనుషులు మళ్లీ ఒకసారి మన ముందు పడిపోతారు, మనం ఈ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూస్తాం. నాకు తేలలేదు. అందుకని ఇలా చేద్దాం. చివరి భాగం ఒక ఇరవై నిమిషాలు వేస్తున్నాం. ఆ కట్ వచ్చే ముందు నేను లేచి ఈ గోడ పక్కన నిలబడతాను, అది మీకు గుర్తు. చూడొద్దనుకున్నవాళ్లు మెల్లగా బయటికి వెళ్లండి, వరండాలో టీ పెట్టించారు. ఉన్నవాళ్లు ఉండండి. మాటలొద్దు, సెల్‌ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.

బాబూ, ఆ ట్యూబ్‌లైట్ ఆపుతావా.